రొయ్యల గుంట ఓనరుకు రేషన్ కార్డుంది, గుంట కాపలా మనిషికి లేదు. పేదోడంటే ఎవరసలు?

అల్లూరు_అల
వారం నుంచి ఒక విషయం మనసులో నలుగుతా ఉండాది. నేను రొయ్యల గుంటలకు తిరిగే టెక్నీషియన్ని. నీళ్లు పరీక్ష చేసి, మేత ఎంతెయ్యాలో చెప్పడం నా పని. సముద్రం పక్కన కొన్ని గుంటల కాడ ఒక యానాది గిరిజన కుటుంబం కాపలా ఉంటాది. మొగుడు, పెళ్లాం, ముగ్గురు పిలకాయలు. మోటారు షెడ్డే ఇల్లు. రాత్రి 12కు ఒకసారి, 3కు ఒకసారి లేచి నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు తిరగతా ఉండాయో లేదో చూడాల. ఇద్దరికీ కలిపి నెలకు 12 వేలు. అందులో 3 వేలు అడ్వాన్సు కింద పట్టుకుంటారు. ఆ అడ్వాన్సు 40 వేలు, నాలుగేళ్ల కిందట ఆయమ్మ కాన్పుకు తీసుకున్నది. ఇంకా తీరలేదంట. లెక్క ఎంతుందో వాళ్లకు తెలీదు.

వాళ్లకు రేషన్ కార్డు లేదు. ఆయనకు ఆధార్ ఉంది, ఆమెకు లేదు. పెద్ద పాప ఎనిమిదో తరగతికొచ్చింది. పుట్టిన సర్టిఫికెట్ లేదు, కుల సర్టిఫికెట్ లేదు.

ఓనరు చేతిలో 14 ఎకరాల గుంటలుండాయి, టౌన్లో మేడ ఉంది. బియ్యం కార్డు కూడా ఉంది. మాటల్లో అడిగితే "నా పేరు మీద రెండెకరాలే గదబ్బా, మిగతాదంతా లీజు" అన్నాడు. అబద్ధం కాదది. ఆ లీజు భూములు ఎస్సీ కాలనీ వాళ్లకు ఎప్పుడో గవర్నమెంటు ఇచ్చిన పట్టాలు.

మనిషి దుర్మార్గుడేం కాదు. సంక్రాంతికి ఆ పిలకాయలకు గుడ్డలు కొనిస్తాడు. మరి తప్పు యాడుంది? పేదోడని ఎవర్ని అనాల, దేన్నిబట్టి అనాల?

కావలి_కబుర్లు
కార్డు సంగతి వరకు నేను చెప్తా, మా అన్న సచివాలయంలో చేస్తాడు. పల్లెలో నెల ఆదాయం 10 వేల లోపు, టౌన్లో 12 వేల లోపు ఉండాల. మాగాణి అయితే 3 ఎకరాలు, మెట్ట అయితే 10 ఎకరాలు దాటకూడదు. కరెంటు నెలకు 300 యూనిట్లు మించకూడదు. కారు ఉండకూడదు, ఇంట్లో గవర్నమెంటు ఉద్యోగి ఉండకూడదు, ఇన్‌కమ్ టాక్స్ కట్టకూడదు. ఇవన్నీ కంప్యూటర్‌కు కనపడే ఆస్తులు. లీజు గుంట దానికి కనపడదు. మీ ఓనరు కాగితం మీద పక్కా పేదోడు. ఆ కాపలా ఆయన కాగితం మీద పేదోడు కూడా కాదు, అసలు లేడు.

మోడరేటర్
ఊరు పేరు, మనుషుల పేర్లు ఎవరూ రాయొద్దు. ఆ కుటుంబానికి ఇబ్బంది అవుద్ది. చర్చ సాగించండి.

ఎడగారు_రైతు
ఓనర్ని దొంగను చేసి మాట్లాడతా ఉండారు, నాకది నచ్చలా. రొయ్య సంగతి తెలుసా మీకు? 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా వాడు మన సరుకు మీద 50 శాతం సుంకం వేశాడు. ఈడ కొనేవాడు ఆ రోజే కౌంటుకింత (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) అని రేటు కోసేశాడు. రోగం తగిలితే రాత్రికి రాత్రి గుంట తెల్లబడిపోతాది. నాది వరి, పెన్న కింద ఆరెకరాలు. ఎడగారు కోతకొచ్చేసరికి పుట్టికి రేటు చెప్పేదొకటి, చేతికిచ్చేదొకటి. (బయటి జిల్లాల వాళ్లకు: ఎడగారంటే రెండో పంట, మా పుట్టి 850 కిలోలు.) తేమ ఉందని తూకంలో కొంత లాగుతారు. పిల్ల పెళ్లికి చేసిన అప్పు, బ్యాంకులో పెట్టిన బంగారం, అన్నీ అట్నే ఉండాయి. మమ్మల్ని భూస్వాములంటారు. నెల చివర నా జేబులో ఎంతుంటాదో మా ఇంటావిడకే తెలుసు. మేం మాత్రం పేదోళ్లం కాదా?

కొండపి_కౌలు
ఎడగారు అన్నా, మీ బాధ నిజమే, కాదన్ను. నష్టం వేరు, లేమి వేరు. మీకు నష్టం వస్తే అమ్ముకోడానికి ఆరెకరాలుంది, కుదువ పెట్టడానికి బంగారం ఉంది, బ్యాంకు లోపల కూర్చోబెట్టే మేనేజరున్నాడు. నా సంగతి వినండి. పొగాకు వేస్తా. భూమి కౌలు, బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) కౌలు. బ్యారన్ రిజిస్ట్రేషన్ ఓనరు పేరు మీద. వేలంలో బేలు అమ్ముడుపోతే డబ్బు పడేది ఆయన అకౌంటుకే. ఆయన కౌలు పట్టుకుని మిగిలింది నాకిస్తాడు. ఇచ్చే రోజు ఆయన ఇష్టం. 2019లో సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, 11 నెలల కార్డు ఇస్తామన్నారు. దానికి భూమి ఓనరు సంతకం కావాల. సంతకం అడిగితే "వచ్చే ఏడు వేరేవాళ్లకిస్తాలే" అంటాడు. నేను మూడేళ్లు అడిగి మానేశా. ఆ కార్డు లేకపోతే పంట నష్టం రాయరు, పంట రుణం ఇవ్వరు. ఎండేది నేను, రాసేది ఆయన పేరు.

అల్లూరు_అల
కౌలు అన్నా, మీరు చెప్పిందాంట్లో కూడా సంతకమే గదా అడ్డం. మా కాపలా ఆయనకూ అంతే. ఏ ఆఫీసుకు పోయినా "నీకు ఎవరు పూచీ?" అంటారంట.

పాఠం_చెప్పే_అక్క
డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్తాను కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా, ఓపిగ్గా చదవండి.

పేదరికాన్ని రూపాయల్లోనే కొలిస్తే ఎడగారు రైతు గారూ, ఆ కాపలా ఆయనా కొన్ని నెలలు పక్కపక్కనే నిలబడతారు. మాక్స్ వెబర్ అనే జర్మన్ పండితుడు వందేళ్ల కిందటే ఒక మాట చెప్పాడు. మనిషి సమాజంలో ఎక్కడున్నాడో తెలియాలంటే మూడు చూడాలి. చేతిలో ఏముంది, నలుగురిలో గౌరవం ఎంత, అధికారం దగ్గర మాట చెల్లుతుందా. ఈ మూడూ ఎప్పుడూ కలిసి నడవవు. అప్పుల్లో ఉన్న రైతుకు మొదటిది తరిగినా మిగతా రెండూ ఉంటాయి. ఆ కాపలా కుటుంబానికి మూడూ లేవు.

ఫ్రాన్సులో బోర్దియూ అనే ఆయన ఇంకో అడుగు వేశాడు. పరిచయాలు కూడా పెట్టుబడే, మాట తీరు కూడా పెట్టుబడే, ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో తెలిసి ఉండటం కూడా పెట్టుబడే అన్నాడు. తండ్రి నుంచి కొడుక్కి పొలం ఎలా వస్తుందో ఇవీ అలాగే వస్తాయి. మన భాషలో దీనికి చక్కటి మాట ముందే ఉంది: పలుకుబడి.

నా సంగతే చెప్తా. మా అమ్మ టంగుటూరు వైపు పొగాకు గ్రేడింగ్‌లో ఆకులు ఏరేది. నాకు పదిలో మంచి మార్కులొచ్చాయి. ఇంటర్‌కు ప్రభుత్వ హాస్టల్ ఉంటుందని, దానికి ఫారం ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తెలీదు. రోజూ ఎక్కే బస్సు కండక్టర్ నా చేతిలో మార్కుల కాగితం చూసి, ఎక్కడికి పోవాలో చెప్పాడు. అప్పటికి గడువు రెండు రోజులుంది. ఆయన ఆ రోజు సెలవు పెట్టుంటే నేనిప్పుడు ఏ షెడ్డులో ఉండేదాన్నో. మార్కులు నావే, దారి చూపింది మాత్రం ఆయన. నాతోపాటు చదివి నాకన్నా బాగా లెక్కలు చేసే అమ్మాయికి ఏ కండక్టరూ ఎదురుపడలేదు.

చిన్నబజార్_చిన్నోడు
అక్కా, దీని మీద రేపు పరీక్ష పెట్టవు గదా :) బాగా చెప్పావు, బోర్దియూ సంగతి నాకు బో నచ్చింది. ఆ కండక్టర్ ఎవరో గాని చల్లగుండాల.

చీమకుర్తి_రాయి
మా ఊరి నల్లరాయి మీద వెండి చుక్కలు మెరుస్తాయి, గెలాక్సీ అంటారు. దేశదేశాలకు పోతుంది. ఈ రకం రాయి దొరికేది మా చుట్టుపక్కలే. క్వారీ ఓనర్ల ఇళ్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. అదే రోడ్డు మీద రేకుల షెడ్లలో ఒడిశా నుంచి, రాజస్థాన్ నుంచి వచ్చినోళ్లు పదేసి మంది ఒక గదిలో ఉంటారు. ఇద్దరి మధ్య దూరం అర కిలోమీటరు ఉండదు.

మా నాన్న ఒక క్వారీలో పనిచేసేవాడు. రాయి కదిలి కుడి చెయ్యి మీద పడింది, మూడు వేళ్లు పోయాయి. పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలని 1923 నుంచే చట్టం ఉంది. అడగడానికి పోతే మస్టర్లో ఆయన పేరే లేదన్నారు. పదకొండేళ్లు చేశాడు. కూలీ డబ్బు మేస్త్రి చేతి మీదుగా వచ్చేది, అందుకని కంపెనీ లెక్కల్లో ఆయన లేడు. మేస్త్రి ఊరొదిలిపోయాడు. ఆసుపత్రి ఖర్చులకని ఇంత చేతిలో పెట్టి, తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. ఎడమచేతి వేలిముద్ర.

అక్క చెప్పిన మూడింటికి నాలుగోది కలుపుతా. ఏదో ఒక పుస్తకంలో నీ పేరు రాసుండాల.

పొదిలి_నీళ్లు
పళ్లు చూసి మా ఊరు చెప్పేస్తారు తెలుసా? పొదిలి, కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. పళ్ల మీద గోధుమరంగు చారలు. నలభై దాటితే మోకాళ్లు వంగవు. హైదరాబాద్‌లో ఒక షోరూమ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పోయా. అన్నీ బాగా చెప్పా. బయటికొచ్చాక అక్కడ పనిచేసే అబ్బాయి మెల్లగా చెప్పాడు, "అన్నా, నవ్వకుండా మాట్లాడి ఉండాల్సింది" అని. ఇంటికొచ్చి అద్దంలో చాలాసేపు చూసుకున్నా.

డబ్బున్నోళ్లు మా ఊళ్లో క్యాన్ నీళ్లు కొంటారు. వాళ్ల పిల్లల పళ్లు తెల్లగా ఉంటాయి. లేనోళ్లు బోరు నీళ్లే. ఒకే వీధిలో పళ్ల రంగు చూసి ఎవరి ఇంట్లో క్యాన్ దిగుతుందో చెప్పొచ్చు. మాకు నీళ్లు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. ఆ ఏడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు.

అక్కా, ఒక డౌటు. నీతి ఆయోగ్ లెక్కలో మన రాష్ట్రంలో పేదరికం బాగా తగ్గిందని పేపర్లో చదివా. మేం అందులో ఉన్నామా, లేమా?

పాఠం_చెప్పే_అక్క
నీళ్లు గారూ, ఆ లెక్క పేరు బహుముఖ పేదరిక సూచీ. ఆదాయం అడగరు. పోషణ, చదువు, వంట గ్యాసు, మరుగుదొడ్డి, కరెంటు, బ్యాంకు ఖాతా, ఇలా 12 చూస్తారు. మన రాష్ట్రంలో 2015-16లో 11.77 శాతం, 2019-21లో 6.06 శాతం అని తేలింది. తగ్గడం నిజమే, ఊళ్లలో గ్యాసు పొయ్యిలు, మరుగుదొడ్లు వచ్చాయి కదా. మా అమ్మ కట్టెలు ఊది ఊది దగ్గేది, నేను ఆ తగ్గుదలని చులకన చేయను.

కానీ నీళ్ల దగ్గర వాళ్లు చూసేది రక్షిత వనరు ఉందా, వెళ్లి తెచ్చుకోడానికి అరగంట లోపు పడుతుందా అని. బోరు ఉంటే నీళ్లున్నట్టే. ఆ బోరులో ఏముందో ఆ సూచీ అడగదు. మీ వీధి మొత్తం నీళ్ల విషయంలో పేదది కాదని రాసుంటారు.

పొదిలి_నీళ్లు
చదివి కడుపు రగిలిపోయింది. మీ మీద కాదక్కా.

నెల్లూరు_ట్రంకురోడ్డు
ఒక మాట సూటిగా అంటా, తిట్టినా పర్లేదు. పేదరికం మాట్లాడేటప్పుడు కులం తీసి పక్కన పెట్టాల. నేను ఓసీ. మా నాన్న బట్టల షాపులో గుమాస్తా, 35 ఏళ్లు నిలబడే పనిచేశాడు, కాళ్లకు నరాలు ఉబ్బిపోయాయి. జీతం 14 వేలు దాటలా. మాకు అద్దె ఇల్లే. నా ఫీజుకు అమ్మ కమ్మలు అమ్మారు. ఎవరూ మమ్మల్ని పేదోళ్లనరు. 2019లో ఓసీల్లో పేదోళ్లకని పది శాతం రిజర్వేషన్ ఇచ్చారు, దానికి ఆదాయ పరిమితి ఏడాదికి 8 లక్షలు. అంటే నెలకు 66 వేలు వచ్చేవాడు కూడా మా నాన్న పక్కన అదే లైన్లో నిలబడతాడు. వాడి పిల్లలు కోచింగ్ తీసుకుని సీటు కొట్టేస్తారు. నిజంగా లేనోడికి ఏం మిగిలింది?

చిన్నబజార్_చిన్నోడు
ట్రంకురోడ్డు అన్నా, నేను కూడా షాపులోనే చేస్తా. ఆ కాళ్ల నొప్పి సంగతి నాకు తెలుసు. షాపుల్లో పనోళ్లకు కూర్చోడానికి స్టూలు ఇవ్వాలని మనం అడగాల నిజానికి.

కొండపి_కౌలు
8 లక్షల మాట ఒప్పుకుంటా. కులం తీసి పక్కన పెట్టమన్నది ఒప్పుకోను. కారంచేడు అప్పుడు మన ప్రకాశం జిల్లాలోనే ఉంది. 1985 జూలై 17న ఆరుగురు దళితుల్ని చంపారు. గొడవ మొదలైంది తాగే నీళ్ల చెరువు కాడ. ఆ నీళ్లు పాడుచేయొద్దని అడిగినందుకు. అక్కడ ఎవరి ఆదాయం ఎంతని ఎవరూ అడగలా. మీ నాన్న గుమాస్తా అన్నా, నిజమే. ఆయన ఏ ఊళ్లోనైనా అద్దె ఇల్లు అడిగితే "మీరేంట్లు?" (అంటే ఏ కులమని) అన్న ప్రశ్నకు భయపడాల్సిన పని ఉండదు. నేను ఒంగోలులో పిల్లల చదువుకని ఇల్లు వెతికా. నాలుగు ఇళ్లు ఆ ప్రశ్న దగ్గరే పోయాయి.

నెల్లూరు_ట్రంకురోడ్డు
అన్నా, ఇల్లు సంగతి నాకు తెలీదు. అది తప్పే. కానీ నా మాటకు జవాబు అది కాదు. అద్దె ఇల్లు దొరికినంత మాత్రాన అద్దె కట్టే డబ్బు రాదు గదా.

పాఠం_చెప్పే_అక్క
ఇద్దరూ ఒకే నిచ్చెనను రెండు వైపుల నుంచి చూస్తున్నారు. అంబేడ్కర్ చెప్పింది ఇదే, మన దగ్గర ఉన్నది మామూలు అసమానత కాదు, మెట్ల మెట్లుగా పేర్చిన అసమానత. ప్రతి మెట్టు మీద ఉన్నవాడికి పై మెట్టు వల్ల బాధ ఉంటుంది, కింద మెట్టు ఉందన్న తృప్తీ ఉంటుంది. అందుకే బాధపడేవాళ్లంతా ఒకవైపుకు రారు.

ఒక ప్రశ్న అడుగుతా, అందరూ నిజం చెప్పండి. మా క్లాసులో పిల్లల్ని కూడా అడుగుతా. అర్ధరాత్రి మీ ఇంట్లో మనిషిని పోలీస్ స్టేషన్‌కు తీసుకుపోయారు. మీ ఫోన్లో ఎవరికి చేస్తారు?

కావలి_కబుర్లు
మా అన్నకు. వాడికి స్టేషన్లో రైటర్ తెలుసు.

ఎడగారు_రైతు
మా సర్పంచికి. ఎత్తకపోతే వాళ్ల బావమరిదికి.

చిన్నబజార్_చిన్నోడు
షాపు ఓనరుకు. ఆయన ఎత్తకపోతే ఇంకెవరూ లేరు. ఈ ప్రశ్న రాత్రి చదివా, నిద్ర పట్టలా.

చీమకుర్తి_రాయి
యూనియన్ ఆయనకు. నాన్నకు దెబ్బ తగిలినప్పుడు ఈ నంబరు మా దగ్గర లేదు.

నెల్లూరు_ట్రంకురోడ్డు
మా మేనమామ స్నేహితుడు లాయరు. రాత్రయినా వస్తాడు. సరే అక్కా, నువ్వెందుకు అడిగావో అర్థమైంది. ఇది నాకు పైసా ఖర్చు లేకుండా పుట్టుకతో వచ్చిందే. కానీ నాన్న మోకాళ్ల ఆపరేషన్‌కు ఆయన డబ్బివ్వడు. నా మాట మీద నేను సగమే తగ్గుతా.

పాఠం_చెప్పే_అక్క
సగం చాలు. మిగతా సగం మీదగ్గరే ఉంచండి, అదీ నిజమే.

అల్లూరు_అల
నిన్న గుంటల కాడికి పోయినప్పుడు ఇదే ప్రశ్న ఆయన్ని అడిగా. "ఓనరుకు చేస్తా" అన్నాడు. "కేసు పెట్టింది ఓనరే అయితే?" అన్నా. వల సర్దుకుంటా ఏం మాట్లాడలా. కొంచెంసేపయ్యాక "మోటారు పోతే ముందు మమ్మల్నే గదయ్యా అడిగేది" అన్నాడు.

కావలి_కబుర్లు
ఆ మాట వెనక చాలా చరిత్రుంది. 1871లో తెల్లోళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. కొన్ని కులాలు పుట్టుకతోనే దొంగలని రాసేశారు. మా కావలిలో ఎరుకలోళ్ల కోసం సెట్లిమెంటు పెట్టి, బయటికి పోవాలంటే చీటీ అడిగేవాళ్లు. చట్టం 1952లో రద్దయింది. అనుమానం ఇంకా రద్దు కాలా.

బెంగుళూరు_బేల్దారి
మాది సీఎస్ పురం వైపు. బెంగుళూరులో బేల్దారి పని, 16 ఏళ్లు. మీరంతా సంతకం సంతకం అంటా ఉండారు, నాది కూడా అదే కత. భవన కార్మికులకని 1996లోనే చట్టం తెచ్చారు. కట్టే పెద్ద బిల్డింగుల మీద ఒక శాతం సెస్సు తీసి మా కోసం పెడతారు. కార్డు రావాలంటే ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు కాగితం కావాల. ఎవరిస్తారు? నేను ఏడాదిలో ఏడెనిమిది సైట్లు మారతా. ఒక మేస్త్రి పేరు ఇంకో మేస్త్రికి తెలీదు. నేను గోడలు కట్టిన అపార్ట్‌మెంట్లు ఈడ ఇరవై పైనే ఉండాయి, ఒక్కదాని గేటు దగ్గర కూడా నా మొహం గుర్తుపట్టరు.

మంచి కూడా చెప్పాల. ఊరి కార్డు మీద ఇప్పుడు ఈడే బియ్యం ఇస్తా ఉండారు. ఇంతకుముందు దాని కోసమని ముసలోళ్లను ఊళ్లో ఒంటరిగా పెట్టి వచ్చేవాళ్లం. పిల్లల చదువే తేలడం లా. మా వాడు రెండో తరగతి తెలుగు, మూడు కన్నడ, మళ్లీ నాలుగు తెలుగు. ఏ బళ్లో చేరినా వాణ్ని వెనక బెంచీలోనే కూర్చోబెడతారు.

ఆ అర్ధరాత్రి ఫోను మేస్త్రికే చేస్తా.

కలిగిరి_మనవరాలు
అందరూ పూచీ ఇచ్చేవాళ్లు లేరనే అంటున్నారు. మా అవ్వ కత చెప్పాలనిపించింది. మాది దూబగుంట దగ్గరే. 1991లో అక్షర దీపం అని రాత్రి బడులు పెట్టారు. పొలం పనులు చేసొచ్చి ఆడోళ్లు లాంతరు చుట్టూ కూర్చుని అక్షరాలు దిద్దేవాళ్లు. వాచకంలో సారా మీద ఒక పాఠం ఉండేది. దాన్ని చదివాక ఇంకేం చదవాలనిపించలేదంట అవ్వకు. తాతయ్య కూలీ డబ్బులు సాయంత్రానికే కొట్టు పాలయ్యేవి.

అవ్వకు ఏ అధికారీ తెలీదు. ఏ కాగితం మీదా ఆస్తి లేదు. మీరడిగిన ఫోను అసలే లేదు. కానీ ఊరి ఆడోళ్లంతా కలిసి సారా బండిని ఊళ్లోకి రానివ్వలా. పక్క ఊళ్లకు పాకింది. వేలం పాటలు జరక్కుండా అడ్డం కూర్చున్నారు. 1993 ఏప్రిల్‌లో ముందు నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా ఆపేశారు. తర్వాత 1995లో మొత్తం మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలించారు, ఇప్పుడు బ్రాందీ షాపు మా ఊరి మలుపులోనే ఉంది, అది వేరే బాధ. కానీ ఆ రెండేళ్లు అవ్వ మాట కలెక్టర్ దాకా చెల్లింది. ఒక్కతే పోయుంటే గేటు దగ్గరే ఆపేసేవాళ్లు.

అల్లూరు గారూ, ఆ గుంటల చుట్టూ అలాంటి కుటుంబాలు ఎన్నున్నాయి?

అల్లూరు_అల
నాకు తెలిసి తొమ్మిది. ఒక్కో గట్టు మీద ఒక్కోటి. దూరదూరంగా. గుంట వదిలి ఒక పూట కూడా కదలకూడదు కాబట్టి ఒకరినొకరు కలవడమే తక్కువ.

రిటైర్డ్_ఆర్ఐ
రెవెన్యూలో 31 ఏళ్లు చేశాను. పనికొచ్చేది చెప్తా, రాసుకో నాయనా.

పుట్టిన సర్టిఫికెట్: ఏడాది దాటిన పుట్టుక నమోదుకు ఇంతకుముందు కోర్టు మెజిస్ట్రేట్ ఆర్డరు కావాల్సి వచ్చేది. 2023లో చట్టం సవరించారు, ఇప్పుడు ఆర్డీవో స్థాయి అధికారి ఆదేశం చాలు. ముందు సచివాలయంలో నమోదు కాలేదని ఒక కాగితం తీసుకోండి. బడి రికార్డు జత చెయ్యండి. ఆమె ఆధార్: ఏ కాగితమూ లేనివాళ్లకు అధికారులు గుర్తించిన పరిచయకర్త ద్వారా నమోదు చేసే పద్ధతి నిబంధనల్లోనే ఉంది. లేదని ఎవరన్నా అంటే నమ్మొద్దు. నెల్లూరులో గిరిజనుల కోసం ఐటీడీఏ ఉంది, అక్కడ కూడా అర్జీ పెట్టండి.

అడ్వాన్సు: నెలకు 3 వేలు, నాలుగేళ్లంటే 1 లక్షా 44 వేలు. 40 వేల అప్పుకు. మధ్యలో ఇంకేమన్నా తీసుకున్నారేమో అడుగు. ఏది ఎట్టున్నా, అప్పు చూపించి మనిషిని కదలనివ్వకుండా పనిచేయించుకుంటే అది వెట్టి. 1976 చట్టం ప్రకారం ఆ అప్పు చెల్లదు. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే. కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకున్నా బలవంతపు చాకిరీయేనని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. అధికారి విచారించి విడుదల పత్రం ఇస్తే వెంటనే సాయం కూడా ఉంటుంది. ఇంకొకటి, ఆ లీజు. గవర్నమెంటు అట్లా ఇచ్చిన అసైన్డ్ భూమి చేతులు మారకూడదని 1977లో తెచ్చిన చట్టంలో లీజు కూడా బదిలీ కిందికే వస్తుంది.

ఇదంతా రాశాను గాని ఒక మాట. అడ్వాన్సు సంగతి ఆ మొగుడూ పెళ్లాం తమంతట తాము అడుగుదామంటేనే కదిలించు. ఆ రాత్రికే షెడ్డు ఖాళీ చెయ్యమంటే పిల్లలతో యాడికి పోతారు? ముందు కాగితాలు. కాగితాలుంటే నిలబడే చోటు ఉంటుంది. నా సర్వీసులో తొందరపడి ఒక కుటుంబాన్ని రోడ్డు మీదికి తెచ్చాను, అందుకని చెప్తున్నా.

ఎడగారు_రైతు
ఆర్ఐ గారి లెక్క చూసినాక మళ్లీ వచ్చా. 40 వేలకు లక్షా నలభై నాలుగు వేలు. నేను ముందు రాసింది వెనక్కి తీసుకోను, రైతు కష్టం రైతుదే. కానీ రొయ్య రేటు పడిపోయినప్పుడు ఓనరు ముందు కోసేది ఎవరి డబ్బులో నాకు తెలుసు. నా పొలంలో నాట్లకు వచ్చేవాళ్లకు నేనూ అడ్వాన్సులిచ్చా. నిన్న ఆ చీటీలు తీసి కూడుకుంటే ఇద్దరివి ఎప్పుడో తీరిపోయాయి. చెప్పి చించేశా. వాళ్లకు సాక్షిగా ఎవరన్నా రావాలంటే నన్ను పిలువు అబ్బయా, మాది నీకు దగ్గరే.

కొండపి_కౌలు
అన్నా, ఈ మాటకు మీకు దండం.

అల్లూరు_అల
పది రోజులయింది, ఏం జరిగిందో చెప్తా.

సోమవారం అర్జీకి పోయాం. ఎడగారు అన్న పొద్దున్నే వచ్చాడు. పాప బడి మానుకుని వచ్చింది. గుంట వదిలి ఇద్దరూ రావడానికి లేదు కాబట్టి ఆయన ఆగిపోయి, ఆయమ్మ వచ్చింది. ఆ రోజు నా పని పక్కనబెట్టి ఆయనకు జతగా ఏరేటర్లు చూడ్డానికి మా తమ్ముణ్ని పంపించా.

అర్జీ రాసేవాళ్లు బయట బల్లలేసుకుని కూర్చుంటారు గదా, వంద అడిగారు. పాప "నేను రాస్తా" అనింది. నేల మీద కూర్చుని రాసింది. మా అమ్మ పేరు, మా నాయన పేరు, మేం ఫలానా గట్టు మీద ఉంటాం, మాకు కార్డు ఇప్పించాలని. అక్షరాలు గుండ్రంగా ఉండాయి. లోపల కౌంటర్లో ఉన్నతను ఆయమ్మను చూడకుండా నన్ను చూసి "మీరెవరు?" అన్నాడు. నేను పక్కకు జరిగి పాపను ముందుకు నిలబెట్టా. "నీ కూడా ఎవరొచ్చారు?" అని మళ్లీ అడిగాడు. "మా అమ్మ వచ్చింది సార్" అనింది. తీసుకున్నాడు. నంబరుతో రసీదు ఇచ్చాడు.

ఇంకా ఏ కాగితం చేతికి రాలా. ఆర్డీవో ఆఫీసుకు ఇంకో రెండుసార్లు తిరగాల. అడ్వాన్సు మాట వాళ్లెత్తలా, నేనూ ఎత్తలా. మిగతా ఎనిమిది కుటుంబాల్లో రెండు మాత్రం పాపను పిలిచి "మాక్కూడా రాసిపెట్టు" అని అడిగాయంట.

సాయంత్రం రసీదు వాళ్ల నాయన చేతిలో పెడితే రెండు వైపులా తిప్పి చూశాడు. షెడ్డు చూరుకు మేత సంచి కట్టుంటే అందులో పెట్టాడు.

కలిగిరి_మనవరాలు
ఆ పాపకు నా తరఫున ఒక పెన్నుల డబ్బా కొనివ్వండి, డబ్బు పంపిస్తా.

చీమకుర్తి_రాయి
రసీదు మేత సంచిలో వద్దు తమ్ముడూ, గట్టు మీద చెమ్మకు వారంలో నాని పోద్ది. రెండు జిరాక్సులు తీయించు. ఒకటి పాప పుస్తకంలో, ఒకటి నీ కాడ ఉంచు.